నీళ్ళలో అడిగే ప్రశ్న

“ఒకవేళ నీళ్ళలో దిగాక ఇది ‘నమ్మను’ అనేస్తే?” అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. ఆదివారం మధ్యాహ్నం. మా ఆయన జీవరత్నం కంచం ముందు కూర్చుని పప్పులో ఆవకాయ కలుపుకుంటున్నాడు. మా అత్తయ్య దానమ్మ మంచం మీద కూర్చుని సాయంత్రం కూరకి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మా అమ్మాయి హెప్సిబా పక్కింట్లో ఉంది. పొద్దున ఆరాధనలో పాస్టరు గారు ఈస్టరు నాడు బాప్తిస్మం తీసుకునేవాళ్ళ పేర్లు చదివారు. మా పిల్ల పేరు వినపడగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఇంటికొచ్చి కుక్కరు పెట్టానో లేదో ఈ భయం పట్టుకుంది.

“ముందు నెయ్యి వెయ్యి,” అన్నాడు మా ఆయన.

“ఎందుకంటుందే అట్లా? తనంతట తాను అడిగి పేరిచ్చుకున్న పిల్ల,” అంది అత్తయ్య.

“హెప్సిబా కాబట్టి అంటుంది,” అన్నాను.

మా సంఘం పుట్టిన బిడ్డ నుదుట నీళ్ళు చల్లే సంఘం కాదు. ఎదిగి, ఊహ తెలిసి, నోరు తెరిచి అడిగితేనే బాప్తిస్మం ఇస్తారు. అదీ కృష్ణలో, మా భవానీపురం రేవులోనే. నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి పాస్టరు గారు ఒకటే ప్రశ్న అడుగుతారు. యేసుక్రీస్తు దేవుని కుమారుడనీ, ఆయనే దేవుడనీ నమ్ముతున్నావా? నమ్ముతున్నాను అంటే ముంచి లేపుతారు. అనకపోతే ఏం చేస్తారో నాకు తెలియదు. అననివాళ్ళని నేనెప్పుడూ చూడలేదు.

మా పిల్ల అబద్ధం ఆడదని చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ అలాంటి పిల్లతో వేగడం కష్టం. చుట్టాలు కూర్చున్నప్పుడే కూరలో ఉప్పు లేదంటుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో టీచరు, పరలోకానికి ఎవరెవరు వస్తారర్రా అని అడిగితే పిల్లలంతా చేతులెత్తారు. ఇది ఎత్తలేదు. ఇవాళ కుదరదు, మా మేనత్త వస్తోంది అంది. నవ్వని వాళ్ళు లేరు, నేను తప్ప. అది ఆ మాట ఎందుకంది, దేవుడు విన్నాడా, మనసులో పెట్టుకుంటాడా అని వారం రోజులు నిద్రపోలేదు.

నా సంగతీ చెప్పాలి. నాకు నోరాగదు. హెప్సిబా ఆరో తరగతిలో ఉండగా కంఠత వాక్యాల పోటీలో మధ్యలో ఆగిపోయింది. వెనక వరసలోంచి నేను మిగతా వాక్యం అందించాను. అందించడమంటే గుసగుసగా కాదు, మైకు లేకుండా మందిరమంతా వినపడింది. దాన్ని పోటీలోంచి తీసేశారు. గుర్తొచ్చిందమ్మా, ఊపిరి తీసుకుంటున్నాను అంతే అని ఇంటికొచ్చాక చెప్పింది.

ఆ మాట మా ఆయన ఇప్పటికీ మరిచిపోడు. నెయ్యి వేయించుకుని, “దాన్ని ఊపిరి తీసుకోనియ్యి సువార్తా,” అన్నాడు.

ఆ ఏడు మా శ్రమల దినాలూ, పక్కింటి నఫీసా వాళ్ళ రంజాను నెలా ఒక్క రోజు తేడాతో మొదలయ్యాయి. ఈస్టరుకి ముందు నలభై రోజులు మేం ఉపవాసాలుండి ప్రార్థన చేసుకుంటాం, వాటినే శ్రమల దినాలంటాం. నఫీసా నాకంటే నాలుగేళ్ళు చిన్నది. కింద గదిలో బట్టలు కుడుతుంది, పైన కాపురం. వాళ్ళమ్మాయి జుబియా, మా హెప్సిబా ఒకే కాలేజీలో డిగ్రీ. ఒకే సిటీ బస్సు, ఒకే సీటు.

బుడమేరు వాగు పొంగిన ఏడు మా ఇంట్లోకి ఛాతీ దాకా నీళ్ళొచ్చాయి. అప్పుడు మమ్మల్ని పైకి తీసుకెళ్ళి పెట్టుకున్నది వాళ్ళే. నఫీసా భర్త అఫ్రాజ్ ఆ నీళ్ళలోకి దిగి మా అత్తయ్యని భుజాన వేసుకుని మెట్లెక్కాడు. అత్తయ్య ఆ సంగతి ఎవరు దొరికితే వాళ్ళకి చెబుతుంది, బియ్యం బస్తాని మోసినట్టు మోశాడమ్మా, బస్తా కంటే నేనే బరువు అని. ఆ వరద తర్వాత నేను మళ్ళీ నీళ్ళ దగ్గరికి పోలేదు. బాప్తిస్మాలకి సంఘమంతా రేవులోకి దిగినా నేను పైమెట్టు మీదే నిలబడతాను. బాత్రూంలో బకెట్టు నిండి పొంగితేనే నాకు గుండె దడ వచ్చేది, నది సంగతి చెప్పక్కర్లేదు.

ఈసారి శ్రమల దినాల్లో హెప్సిబా జుబియాతో పాటు పొద్దుగూకే దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనంది. అంత అవసరం లేదు, మనకి మధ్యాహ్నం దాకా చాలు, కళ్ళు తిరిగి బస్సులో పడిపోతావు అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. వినలేదు. సాయంత్రం అజాన్ వినపడగానే వాళ్ళ మేడ మీద ఇద్దరూ కలిసి ఖర్జూరం నోట్లో వేసుకునేవాళ్ళు.

“శ్రమల దినాల ఉపవాసం అజాన్‌తో విడిచే పిల్లని ఇప్పుడే చూస్తున్నా,” అనేది అత్తయ్య. అంటూనే, నాకూ రెండు ఖర్జూరాలు పట్రావే అని దాని చేతికి గిన్నె ఇచ్చి పంపేది.

ఒక సాయంత్రం శనగ గుగ్గిళ్ళు చేసి పళ్ళెంలో పెట్టుకుని నేనే పైకి వెళ్ళాను. మెట్ల మలుపులో ఉండగా పిల్లల మాటలు వినపడ్డాయి. ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

జుబియా గొంతు. “మేం మాత్రం గౌరవించమా హెప్సీ? మీ యేసుని మేం ఈసా నబీ అంటాం, మాకూ పెద్ద ప్రవక్త. మర్యమ్మ గారి గురించి మా అమ్మ నీకంటే బాగా చెబుద్ది. కానీ దేవుడికి ఆకలెయ్యడమేంటి? పడవలో నిద్రపోవడమేంటి? స్నేహితుడు చనిపోతే ఏడ్చాడని నువ్వే చెప్పావు గదా. అంత పైనున్నోడు ఇంత కిందికి దిగిపోతే ఇంక పైన ఏం మిగులుద్ది?”

అందులో ఎగతాళి లేదు. అన్నం ఉడికిందా అని అడిగినట్టే అడిగింది. మా పిల్ల ఏం చెబుతుందా అని పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. చెప్పాల్సిన జవాబులు నాకు తెలిసినవి రెండో మూడో నాలుక చివరికొచ్చాయి. పళ్ళు బిగపట్టాను.

“అదే నాకూ అర్థం కావట్లేదు,” అంది హెప్సిబా.

గుగ్గిళ్ళు అక్కడ పెట్టి దిగొచ్చేశాను. కింద నఫీసా మిషను మీద లేస్ కుడుతూ నా మొహం చూసింది. ఏమైందక్కా అని అడిగితే, ఏమీ లేదంటూనే అంతా చెప్పాను. దానికి కోపమొస్తుందనుకున్నాను. మిషను ఆపి నవ్వింది.

“మీకు ఆ భయమా? నా భయం వినండి. మా జుబియా స్నానం చేసేటప్పుడు మీ మందిరం పాటలు పాడుద్ది. చరణాలతో సహా. మా అత్తగారు వింటుందేమోనని నేను బయట మిషను గట్టిగా తొక్కుతున్నా.”

నాకూ నవ్వొచ్చింది గానీ భయం పోలేదు. నా భయం అంత తేలిగ్గా పోయే రకం కాదు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆరాధనలో నాకు ఒకటే పని, దాని పెదాలు చూడటం. నేను ఆడవాళ్ళ వైపు వెనక కూర్చుంటాను, అది పాటలు పాడే జట్టులో ముందు నిలబడుతుంది. అన్ని పాటలూ నోరారా పాడుతుంది. అందరం లేచి మేం నమ్మేది ఇది అని కలిసి చెప్పేటప్పుడు కూడా చెబుతుంది, కన్యక కడుపున పుట్టాడనీ, శ్రమపడ్డాడనీ, తిరిగి లేచాడనీ. ఆయన దేవుడు అనే చోటికి వచ్చేసరికి దాని పెదాలు కదలవు. ఆ ఒక్క మాట దగ్గర ఆగి, మళ్ళీ అందుకుంటుంది. పక్కన నిలబడ్డ వాళ్ళకి కూడా తెలియదు. నాకు మాత్రం తెలిసేది.

స్త్రీల కూడికలో ప్రార్థన అంశాలు అడిగితే, ఒక సోదరి కుమార్తె విశ్వాసం గురించి ప్రార్థించండి అన్నాను. పేరు చెప్పలేదు. కూడిక అయ్యాక నలుగురు వచ్చి, హెప్సిబాకి ఏం కాదులే సువార్తమ్మా అని వీపు నిమిరారు.

పాస్టరు ఏసుపాదం గారిని ఇంటికి పిలిచింది కూడా నేనే. ఆయన మందిరం పెట్టకముందు ఆర్టీసీలో కండక్టరు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళతో ఇన్నేళ్ళు వేగిన మనిషి, దేనికీ గొంతు పెంచరు. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, “అడుగమ్మా,” అన్నారు హెప్సిబాని.

అది జుబియా అడిగినవన్నీ అడిగింది. ఇంకా తనవీ కలిపింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. యేసు దేవుడి దగ్గరికి ఎదిగిన మంచి మనిషి కాదనీ, మనిషి వేషం కట్టిన దేవుడూ కాదనీ, పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అనీ. పూర్తి అనే మాట ఒక్కరిలో రెండుసార్లు ఎట్లా పడుతుందండీ అని అడిగింది ఇది. ఆ లెక్క నాకూ కుదరదు, కానీ ఒకటి తీసేస్తే రెండోది మనకి పనికిరాకుండా పోతుంది అన్నారాయన. మనతో పాటు బాధపడాలంటే మనిషి కావాలి, ఆ బాధలోంచి పైకి తీయాలంటే దేవుడు కావాలి అన్నారు.

నాకు అది చాలు. చాలా బాగుందనిపించింది. హెప్సిబా మాత్రం చాపకేసి చూస్తూ కూర్చుంది.

“మన బాధ తెలుసుకోవడానికి దిగక్కర్లేదు గదండీ,” అంది. “దేవుడికి పైనుంచే అంతా తెలుస్తుంది. మందు కావాలంటే పైనుంచే వెయ్యొచ్చు. దిగితే గొప్పతనం తగ్గుతుందే గానీ, పెరగదు గదా. ఎందుకు దిగినట్టు?”

మా అత్తయ్య మంచం మీద నుంచి, “ఎదురు ప్రశ్నలు ఏసేదానివి పేరెందుకిచ్చావే,” అంది.

“అడగాలని ఇచ్చాను నానమ్మా. నాకు ఆయనంటే ఇష్టం. ఇష్టమని చెప్పమంటే ఇప్పుడే చెబుతా. దేవుడని చెప్పమంటే, అది నాకు తెలిశాక చెప్పాలి.”

పాస్టరు గారు లేచారు. తర్వాత చెప్పులు వేసుకుంటూ అన్నారు. “నీళ్ళలో నేను అడుగుతానమ్మా. నువ్వు చెప్పేదాకా ఆగుతాను, ఎంతసేపైనా సరే. లేదంటే లేదను, కోప్పడను, ఒడ్డుకి తీసుకొచ్చి టిఫిన్ పెట్టిస్తాను. కానీ ఆ మాట నీ నోట్లోంచే రావాలి.” అని, గుమ్మంలో ఉన్న నావైపు తిరిగి, “ఎవరూ అందించకూడదు,” అన్నారు.

మా ఆయన దగ్గుతున్నట్టు నవ్వాడు.

రంజాను అయ్యింది. షీర్ ఖుర్మా గిన్నె మాకు రావడం, ఆ గిన్నె ఖాళీగా పంపకూడదని నేను అరిసెలు చేయడం, పండగకి జుబియా కొత్త బట్టల్లో వచ్చి మా అత్తయ్య కాళ్ళు పట్టుకుంటే అత్తయ్య దాని బుగ్గలు పిండడం అన్నీ అయ్యాయి. పండగ బట్టల రద్దీ తగ్గాక నఫీసా హెప్సిబా తెల్ల డ్రెస్సు కుట్టడం మొదలుపెట్టింది. నేను అడగలేదు. బజారులో కొంటానంటే, నేనుండగా ఎవరో కుట్టింది వేసుకుని నీళ్ళలో దిగుద్దా అని అలిగింది.

బాప్తిస్మం బట్టలకి మా దగ్గర ఒక పద్ధతుంది. తెల్ల గుడ్డ నీళ్ళలో గొడుగులా పైకి లేస్తుంది, ఆడపిల్లలకి ఇబ్బంది. అందుకని కింది అంచు మడిచి, లోపల బరువు పెట్టి కుడతారు. కొందరు చేపల వలకి కట్టే సీసం గుళ్ళు పెడతారు. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ పని, కాబట్టి ఆయన ఇనప నట్లు తెచ్చాడు. తుప్పు పట్టనివి ఏరి, తుడిచి, పొట్లం కట్టి మరీ తెచ్చాడు.

ఆ నట్లు అరచేతిలో పెట్టుకుని చూశాను. ఇంత బరువు దాన్ని నీళ్ళలోకి లాగేస్తే? అని నఫీసాకి సగమే ఇచ్చాను. ఇంటికొచ్చాక, సగమే ఉంటే బట్ట లేచిపోతే? అని మిగతావి పట్టుకెళ్ళాను. మళ్ళీ సాయంత్రం వెళ్ళి నాలుగు తీయించాను. “అక్కా, ఇంకోసారి వచ్చారంటే మిమ్మల్ని కూడా అంచులో పెట్టి కుట్టేస్తా,” అంది నఫీసా పళ్ళతో దారం తెంపుతూ.

డ్రెస్సు సరిపోయిందో లేదో చూడ్డానికి హెప్సిబా మా గదిలో వేసుకుంది. నేను నేల మీద కూర్చుని అంచు సరిచేస్తున్నాను. నట్లు గలగలమంటున్నాయి. అది ఒకసారి గిర్రున తిరిగి నవ్వింది, పట్టీలు పెట్టుకున్నట్టుందమ్మా అని. ఆ తర్వాత ఉన్నట్టుండి అడిగింది.

“అమ్మా, ఆయన దేవుడని నీకెట్లా తెలుసు?”

సూది చేతిలో ఉంది. పాస్టరు గారు చెప్పింది తిరిగి చెప్పాలని చూశాను. పూర్తి, పూర్తి అన్నారు గానీ మిగతాది గుర్తు రాలేదు. నేను చదివింది ఏడో తరగతి.

“నాకు రోజూ ఏదో ఒక భయమే గదే,” అన్నాను. “నువ్వు బస్సెక్కితే భయం, మీ నాన్న ఫోనెత్తకపోతే భయం. ప్రతిసారీ ఆయన్నే పిలుస్తా. పిలిచిందానికే మళ్ళీ పిలుస్తా. మనిషైతే ఈపాటికి విసుక్కునేవాడు.”

హెప్సిబా పగలబడి నవ్వింది. వంగి నా నెత్తి మీద ముద్దు పెట్టింది. అమ్మయ్య, అయిపోయింది, జవాబు దొరికింది అనుకున్నాను.

“నీ జవాబు బాగుందమ్మా. కానీ అది నీది,” అంది.

ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం కొబ్బరి మట్టలు పట్టుకుని వీధంతా పాడుకుంటూ తిరిగాం. శుక్రవారం మధ్యాహ్నం మూడింటి దాకా మందిరంలో కూర్చున్నాం. నా కళ్ళు దాని పెదాల మీదే. ఆ మాట దగ్గర అవి కదల్లేదు. శనివారం మా ఆయన నన్ను కూర్చోబెట్టి, రేపు రేవులో నోరు తెరవనని మాటిమ్మన్నాడు. మేం ఒట్లు పెట్టుకోం గనక చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. దగ్గు కూడా రాకూడదన్నాడు. దగ్గు నా చేతిలో ఉందా అన్నాను. అయితే తువ్వాలు నోట్లో కుక్కుకో అన్నాడు.

ఈస్టరు నాడు చీకటితోనే సమాధుల దొడ్డిలో కొవ్వొత్తులు వెలిగించి ఆరాధన చేశాం. అక్కడ నుంచి పాడుకుంటూ రేవుకి నడిచాం. తెల్లారింది. కృష్ణ నిండుగా ఉంది, గుర్రపుడెక్క ముద్దలు ముద్దలుగా తేలుతోంది. పక్క మెట్ల మీద స్నానాలు చేసేవాళ్ళు సబ్బు చేత్తో పట్టుకుని మావైపు చూస్తున్నారు. ఎవరో అడిగితే మా అత్తయ్య, “మా మనవరాలికి బాప్తిస్మం, ఉండండి చూసి పోదురు,” అని అందర్నీ పిలిచేసింది. నఫీసా, జుబియా కూడా వచ్చారు. నా కుట్టు నీళ్ళలో నిలబడుద్దో లేదో చూసుకోవాలిగా అంది నఫీసా. నేను పైమెట్టు మీద, ఆరిన తువ్వాలు గుండెలకి ఆనించుకుని నిలబడ్డాను.

మొదట బెన్నీ దిగాడు. మా వీధి చివర సెల్‌ఫోన్ కొట్టు కుర్రాడు, ఒడ్డూ పొడుగూ ఉంటాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయేమో, పాస్టరు గారు ప్రశ్న సగం అడిగేలోపే నమ్ముతున్నానండీ అనేశాడు. “మొత్తం విను నాయనా, తర్వాత నేనేదైనా ఆస్తి రాసిమ్మని అడిగితే?” అన్నారు ఆయన. ఒడ్డంతా నవ్వు. రెండోసారి మొత్తం విని చెప్పాడు. ముంచి లేపేసరికి నీళ్ళు మెట్ల దాకా ఎగిసిపడ్డాయి. తర్వాత ఒక కొత్త జంట. ఆ తర్వాత హెప్సిబా.

తెల్ల డ్రెస్సు లేవలేదు. నట్లు తమ పని చేశాయి. నఫీసా నా భుజం గిల్లింది. హెప్సిబా నడుం లోతు దాకా వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. పాస్టరు గారు దాని తల మీద చెయ్యి పెట్టి అడిగారు.

“హెప్సిబా, యేసుక్రీస్తు దేవుని కుమారుడనీ, ఆయనే దేవుడనీ నమ్ముతున్నావా?”

అది మాట్లాడలేదు.

ఊపిరి తీసుకుంటోంది అనుకున్నాను. ఒక ఊపిరి అయ్యింది, ఇంకోటి అయ్యింది. పాస్టరు గారు కదల్లేదు. ఆగుతానన్నారు, ఆగారు. పాడేవాళ్ళు తాళాలు పట్టుకుని అట్లాగే ఉండిపోయారు. దూరంగా వంతెన మీద రైలు వెళ్ళింది, వెళ్ళిపోయింది. హెప్సిబా నీళ్ళకేసి చూస్తోంది. దాని పెదాలు నాకు ఇక్కడ నుంచి కనపడటం లేదు.

నా నోట్లోకి ఆ మాట వచ్చేసింది. ఒక్క మాటే గదా. మా ఆయన కింది మెట్టు మీద నుంచి తలతిప్పి నన్ను చూశాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మాటిచ్చాను. కానీ దాని భుజాలు వణుకుతున్నాయి. నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. కళ్ళు తిరుగుతున్నాయా? కాలికి తిమ్మిరెక్కిందా? ఆ నట్లు, అన్ని నట్లు పెట్టించింది నేనే. అడుగున బురదలో కాలు దిగబడిందేమో, చెప్పుకోలేక నిలబడిందేమో. అక్కడ అంతమంది ముందు, ఆ నీళ్ళలో, నా పిల్ల ఒక్కతే ఉంది.

ఎప్పుడు మెట్లు దిగానో నాకు తెలియదు. చెప్పులు పైన విడిచాననీ తెలియదు, అవి తర్వాత జుబియా తెచ్చింది. మా ఆయన నా కొంగు పట్టుకోబోయాడు, అందలేదు. పాచి మెట్టు మీద కాలు జారింది, నిలదొక్కుకున్నాను. నీళ్ళు పాదాలకి తగిలాయి. మోకాళ్ళకి వచ్చాయి. నడుం దాకా వచ్చాయి. దేవుడా, దేవుడా అని లోపల అనుకుంటూనే ఉన్నాను, నోరు మాత్రం తెరవలేదు.

హెప్సిబా దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అప్పుడు చూసుకుంటే నా చీర నా చుట్టూ గొడుగులా లేచి తేలుతోంది. నా అంచులో ఎవరూ నట్లు కుట్టలేదు గదా. ఒడ్డు మీద పిల్లలు కిసుక్కుమన్నారు. అత్తయ్య, “ఓసినీ, బకెట్టంటే భయపడేది కృష్ణలో దిగిందే,” అనడం వినపడింది. ఆరిన తువ్వాలు ఎప్పుడో తడిసి ముద్దయింది. పాస్టరు గారు నావైపు చూశారు. నేను అందించడానికి రాలేదని చెప్పాలి, చెబితే మాట్లాడినట్టవుతుంది. అందుకని అరచేత్తో నోరు గట్టిగా మూసుకుని చూపించాను. ఆయన మీసాల్లో నవ్వి, చూపు తిప్పుకున్నారు. దాని తల మీద చెయ్యి మాత్రం తీయలేదు.

హెప్సిబా నన్ను చూసింది. నా మొహం చూసింది, నా చుట్టూ ఉన్న నీళ్ళని చూసింది, నేను దిగొచ్చిన మెట్లకేసి చూసింది. పై మెట్టు నుంచి నా దాకా ఎంత దూరమో ఇప్పుడే తెలిసినట్టు చూసింది. దాని కళ్ళు తిరగడం లేదు, కాలు దిగబడలేదు, దానికేమీ కాలేదు. వణుకుతున్నది నేనే.

అది వంగి, తేలుతున్న నా చీరని రెండు చేతులా నెమ్మదిగా నీళ్ళలోకి నొక్కి, కుచ్చిళ్ళు సర్ది, నా మోకాళ్ళ దగ్గర పట్టి ఉంచింది. ఎవరూ నవ్వలేదు ఇప్పుడు. తర్వాత లేచి నిలబడి, నా చెయ్యి నా నోటి మీద నుంచి తీసి తన చేతిలో పెట్టుకుని, పాస్టరు గారి వైపు తిరిగింది.

“నమ్ముతున్నానండీ,” అంది. “దేవుడే. దేవుడు కాబట్టే దిగొచ్చాడు.”